నొప్పి తగ్గిన పన్నును వదిలేయకండి: వేరు ఇన్ఫెక్షన్‌ను కనిపెట్టి వదిలించుకోవడం ఎలా

నాలుగు రోజులు కంటి మీద కునుకు లేకుండా సలిపిన పన్ను నొప్పి ఐదో రోజు దానంతటదే తగ్గిపోతుంది. హమ్మయ్య అనుకుంటాం. డాక్టర్ దగ్గర తీసుకున్న అపాయింట్‌మెంట్ కూడా వద్దనుకుంటాం. ఆ ఐదో రోజు గురించే ఇదంతా రాస్తున్నాను. నొప్పి అలా ఉన్నట్టుండి పోయిందంటే చాలాసార్లు పన్ను లోపలి నరం చచ్చిపోయిందని అర్థం. నొప్పి తెలియజేసే నరమే లేదు కాబట్టి నొప్పి లేదు. ఇన్ఫెక్షన్ మాత్రం అక్కడే ఉంది, పైగా ఇప్పుడు దానికి అడ్డు చెప్పేవాళ్ళు లేరు.

పన్ను లోపల నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తటి గుజ్జు ఉంటుంది. చుట్టూ గట్టి గోడలు. ఒంట్లో ఇంకెక్కడ దెబ్బ తగిలినా ఆ చోటు వాచడానికి వీలుంటుంది. ఈ ఇరుకు గదిలో ఆ వీలు లేదు. ఒత్తిడి పెరుగుతుంది, రక్తం అందదు, గుజ్జు చచ్చిపోతుంది. రక్తం రాని చోటికి తెల్ల రక్తకణాలు రావు, మీరు మింగే మందూ చేరదు. బ్యాక్టీరియా అక్కడ నిశ్చింతగా పెరిగి, వేరు కొనలో ఉండే సన్నటి రంధ్రం గుండా బయటి ఎముకకు చేరువవుతుంది. దాన్ని అడ్డుకోవడానికి శరీరం వేరు కొన చుట్టూ ఉన్న ఎముకను కొంత కరిగించుకుని, అక్కడ రక్షణ కణాలను దడిలా కడుతుంది. ఎక్స్‌రేలో నల్లటి మచ్చలా కనిపించేది ఈ దడే. ఏళ్ళ తరబడి ఏ బాధా లేకుండా ఇది అలా ఉండిపోవచ్చు.

ఇందులో బ్యాక్టీరియాదే పాత్ర అని 1965లో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జ్‌జెరాల్డ్ అనే ముగ్గురు తేల్చారు. ఎలుకల పళ్ళకు గుజ్జు బయటపడేలా రంధ్రం చేసి అలాగే వదిలేశారు. మామూలు ఎలుకల పళ్ళలో గుజ్జు చచ్చి చీము పట్టింది. ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచిన ఎలుకల్లో మాత్రం ఆ రంధ్రంలోకి తిండి ఇరుక్కున్నా, గుజ్జు బతికే ఉండి తన గాయం మీద తానే కొత్త గట్టి పొరను కట్టుకుంది.

ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాల్సిన సందర్భాలు

మిగతాదంతా తీరిగ్గా చదువుకోవచ్చు. ఇది మాత్రం ముందు చదవండి. దవడ కింద లేదా నాలుక కింద వాపు గట్టిగా తగులుతున్నా, నోరు రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోకపోయినా, ఉమ్మి మింగలేకపోతున్నా, గొంతు మారినా, ఊపిరి కష్టమైనా, వాపు కంటి వరకూ పాకినా, చలి జ్వరంతో మనిషి మత్తుగా అయిపోతున్నా, పంటి డాక్టర్ క్లినిక్ ఎప్పుడు తెరుస్తారా అని చూడకండి. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి. కింది దవడ పళ్ళ నుంచి చీము నాలుక కింది భాగాలకు పాకి గాలి దారిని మూసేసే ఈ పరిస్థితిని 1836లోనే లుడ్విగ్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించాడు. ఇది అరుదే, కానీ వచ్చినప్పుడు గంటల్లో ముదురుతుంది.

ఒంటికీ పంటికీ ఉన్న లంకె ఎంతవరకు నిజం

వేరు కొన దగ్గర పోరు నడుస్తున్నంత కాలం అక్కడి కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి రసాయన సంకేతాలను వదులుతుంటాయి. అవి రక్తంతో పాటు కాలేయానికి చేరితే, కాలేయం సీఆర్‌పీ అనే ప్రోటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే ఇన్ఫెక్షన్‌కో గాయానికో స్పందించి శరీరం తెచ్చుకునే వాపు, మంట, ఉందా లేదా అని డాక్టర్లు రక్తపరీక్షలో చూసేది ఎక్కువగా దీన్నే. వేరు ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ళలో ఈ రెండూ సగటున కొంత ఎక్కువగా ఉంటున్నాయని చాలా అధ్యయనాల్లో కనిపించింది. రెండో దారి బ్యాక్టీరియా సొంతంగా రక్తంలోకి జారడం. ఇది నమిలేటప్పుడు, బ్రష్ చేసేటప్పుడు కూడా కొద్దికొద్దిగా జరిగేదే. ఆరోగ్యంగా ఉన్న మనిషి శరీరం కాసేపట్లోనే దాన్ని శుభ్రం చేసుకుంటుంది. గుండె కవాటాలు మార్పించుకున్నవాళ్ళకు మాత్రం ఇది చిన్న విషయం కాదు.

షుగర్‌తో ఉన్న లంకె రెండు వైపులా నడుస్తుంది. షుగర్ అదుపులో లేకపోతే వేరు దగ్గరి పుండు మానడం ఆలస్యమవుతుంది. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ అలా కొనసాగితే ఇన్సులిన్ సరిగా పనిచేయదు. చిగుళ్ళ జబ్బుకు చికిత్స చేస్తే హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే అంకె, కొంత తగ్గుతుందనడానికి గట్టి ఆధారాలున్నాయి. వేరు ఇన్ఫెక్షన్ విషయంలో ఆధారాలు ఇంకా అంత బలంగా లేవు. గుండె జబ్బు సంగతికి వస్తే, చిగుళ్ళ జబ్బుకూ రక్తనాళాలు పూడుకుపోవడానికీ సంబంధం కనిపిస్తోంది గానీ ఒకటి రెండోదానికి కారణమని రుజువు కాలేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో చెప్పింది. పొగ తాగడం, షుగర్, వయసు రెండింటికీ ఉమ్మడి కారణాలు కావడంతో చిక్కుముడి విప్పడం కష్టం.

నేను ఇంత జాగ్రత్తగా రాయడానికి కారణం ఉంది. ఒకప్పుడు ఈ లంకెను అతిగా నమ్మి చేసిన నష్టం అంతా ఇంతా కాదు. 1910లో విలియం హంటర్ అనే బ్రిటిష్ వైద్యుడు మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో ఉపన్యసిస్తూ, అంతుపట్టని జబ్బులెన్నో నోటిలోని చీము వల్లే వస్తున్నాయని అన్నాడు. ఆ తర్వాత వెస్టన్ ప్రైస్ అనే దంతవైద్యుడు రూట్ కెనాల్ (వేరు లోపలి కాలువల్లోని గుజ్జు తీసి, శుభ్రం చేసి, నింపి మూసే చికిత్స) చేసిన పళ్ళను కుందేళ్ళ చర్మం కింద పెట్టి, అవి జబ్బు పడ్డాయని 1923లో ప్రచురించాడు. న్యూజెర్సీలోని ట్రెంటన్ మానసిక ఆస్పత్రిలో హెన్రీ కాటన్ అనే డాక్టర్ పిచ్చి నయమవుతుందని చెప్పి రోగుల పళ్ళు పీకించాడు, కొందరికి పేగులో భాగాలు కూడా తీయించాడు. మరింత కట్టుదిట్టంగా చేసిన ప్రయోగాల్లో ప్రైస్ ఫలితాలు నిలబడలేదు. పళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకు పళ్ళు తిరిగి రాలేదు, జబ్బులూ తగ్గలేదు. రూట్ కెనాల్ చేసిన పళ్ళన్నీ పీకించేస్తే కీళ్ళ నొప్పులు, క్యాన్సర్ పోతాయని ఇవాళ ఎవరైనా చెబితే, అది ఆ పాత కథే అని గుర్తుపెట్టుకోండి.

కాబట్టి వేరు దగ్గర ఇన్ఫెక్షన్ నిజంగా ఉందో లేదో తేల్చుకోవాలి. ఉంటే వదిలించుకోవాలి. ఇక పనిలోకి దిగుదాం.

మొదటి పని: మీ నోటి చరిత్ర రాయండి

ఒక కాగితం తీసుకుని అనుమానించాల్సిన పళ్ళను గుర్తుచేసుకోండి. లోతైన ఫిల్లింగ్ పెట్టినవి, క్యాప్ వేసినవి, ఎప్పుడో రూట్ కెనాల్ చేయించి క్యాప్ వేయించకుండా వదిలేసినవి, చిన్నప్పుడు పడినప్పుడో ఆటలోనో దెబ్బ తగిలినవి, ఒకప్పుడు విపరీతంగా నొప్పెట్టి దానంతటదే తగ్గినవి. ఏ పన్ను, ఏ వైపు, సుమారుగా ఏ సంవత్సరం అన్నది రాస్తే చాలు. దెబ్బ తగిలిన పన్నును చాలామంది మర్చిపోతారు. పుచ్చు లేదు కదా, పన్ను గట్టిగానే ఉంది కదా అనుకుంటారు. దెబ్బకు వేరు కొన దగ్గర రక్తనాళం తెగితే, పుచ్చు అన్నది లేకుండానే గుజ్జు చచ్చిపోవచ్చు.

రెండో పని: అద్దం, వెలుతురు, శుభ్రమైన వేలు

చేతులు కడుక్కుని పగటి వెలుతురులో అద్దం ముందు నిలబడండి. పెదవిని పైకెత్తి, తర్వాత కిందికి లాగి చిగుళ్ళను చూడండి. పక్క పళ్ళకన్నా ఒక పన్ను బూడిద రంగులోనో గోధుమ రంగులోనో ఉందా? చిగురు మీద చిన్న మొటిమ లాంటి పొక్కు ఉందా? అది వారం కనిపించి, చితికి, మాయమై, నెల తర్వాత అక్కడే మళ్ళీ వస్తోందా? అప్పుడప్పుడు నోట్లో ఉప్పగానో చేదుగానో ఏదో ఊరినట్టు అనిపిస్తోందా? ఆ పొక్కు చీము బయటికి పోవడానికి శరీరం తవ్వుకున్న కాలువ. చీము బయటికి పోతోంది కాబట్టే ఒత్తిడి లేదు, నొప్పీ లేదు. పొక్కును పిన్నుతో చితక్కొట్టకండి.

తర్వాత చూపుడు వేలితో చిగురును నొక్కండి. పన్ను మొదట్లో నొక్కితే లాభం లేదు. వేరు కొన ఉండే చోట, అంటే పన్ను కనిపించే పొడవుకన్నా ఇంకొంచెం ఎక్కువ దూరంలో, పెదవి చిగురుకు అతుక్కునే మడత దగ్గర నొక్కాలి. అవతలి వైపు అదే పన్ను దగ్గర కూడా నొక్కి పోల్చుకోండి. ఒక వైపే నొప్పిగా ఉన్నా, బఠాణీ గింజంత ఉబ్బు తగిలినా కాగితం మీద రాసుకోండి. చివరగా గోరుతో ఒక్కో పన్నునూ మెల్లగా తట్టండి. ఒక పన్ను మిగతావాటికి భిన్నంగా, కాస్త ఎత్తుగా ఉన్నట్టో, లోపల మొద్దుగా మోగినట్టో అనిపిస్తే అదీ రాయండి.

పై దవడ వెనక పళ్ళ వేళ్ళు సైనస్ గదికి ఆనుకునే ఉంటాయి. ముక్కు ఒకే వైపు మూసుకుపోతూ, దుర్వాసనతో చీమిడి వస్తూ, ఎన్ని మందులు వాడినా తిరగబెడుతుంటే ఆ వైపు పళ్ళను తప్పక చూపించుకోండి. ముక్కుకు వైద్యం చేయించుకుంటూ ఏళ్ళు గడిపేసి, చివరికి కారణం పన్నని తెలుసుకున్నవాళ్ళు ఉన్నారు.

నా సంగతి చెప్తాను. పదేళ్ళ వయసులో మెట్ల మీద పడి పై ముందు పన్నుకు దెబ్బ తగిలింది. వారం నొప్పెట్టి తగ్గింది. ఇరవై ఏళ్ళ తర్వాత దాని పక్క పన్ను పైన చిగురు మీద పొక్కు కనిపించింది. పొక్కు ఉన్న పన్నుదే తప్పనుకున్నాను. డాక్టర్ తొందరపడలేదు. గట్టా పెర్చా అనే, అగ్గిపుల్లకన్నా సన్నగా ఉండే నారింజ రంగు పుల్లను పొక్కు రంధ్రంలోకి మెల్లగా దూర్చి ఎక్స్‌రే తీశారు. ఎక్స్‌రేలో తెల్లటి గీతలా కనిపించిన ఆ పుల్ల వంపు తిరిగి, చిన్నప్పుడు దెబ్బ తగిలిన పన్ను వేరు కొనకే పోయి ఆగింది. పొక్కు ఒక చోట, రోగం ఇంకో చోట. ఆ ఎక్స్‌రే చూడకుండా పక్క పన్నుకు రూట్ కెనాల్ చేయించుకుని ఉంటే నిక్షేపంలాంటి పన్ను పోయేది.

మూడో పని: డాక్టర్ దగ్గర ఏ పరీక్షలు జరగాలో తెలుసుకుని వెళ్ళండి

రాసిన కాగితం తీసుకెళ్ళండి. మంచి డాక్టర్ మొదట బాగున్న పన్నుకు, ఆ తర్వాత అనుమానం ఉన్న పన్నుకు చల్లటి స్ప్రే తడిపిన దూదిని ఆనిస్తారు. బతికున్న పన్ను జివ్వుమని కొన్ని క్షణాల్లో మామూలవుతుంది. దూది తీసేసినా చాలాసేపు సలుపుతూనే ఉంటే నరం బాగా దెబ్బతిందని అర్థం. అసలేమీ తెలియకపోతే నరం చచ్చిపోయి ఉండవచ్చు. అద్దం పిడితో పన్నును తట్టి చూడడం, చిగురును నొక్కడం, పన్ను చుట్టూ సన్నటి కొలపుల్లతో లోతు కొలవడం కూడా ఉంటాయి. ఈ కొలత ముఖ్యం, ఎందుకంటే చీము చిగురు జబ్బు వల్ల కూడా రావచ్చు, దాని చికిత్స వేరు.

ఎక్స్‌రేలో వేరు కొన, దాని చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల ఎముక పూర్తిగా కనిపించాలి. పళ్ళ మధ్య పుచ్చు కోసం తీసే ఎక్స్‌రేలో వేరు కొన పడదు. మొత్తం దవడను ఒకేసారి చూపించే పెద్ద ఎక్స్‌రేలో ముందు పళ్ళ దగ్గర మసకగా ఉంటుంది. ఇంకో సంగతి, ఎముకలోని ఖనిజం చాలావరకు, సుమారు 30 నుంచి 50 శాతం వరకు, కరిగితే గానీ మామూలు ఎక్స్‌రేలో మచ్చ స్పష్టంగా కనిపించదు. కాబట్టి ఎక్స్‌రే బాగుందని చెప్పినా లక్షణాలు పోకపోతే మూడు దిక్కుల నుంచీ చూపించే సీబీసీటీ స్కాన్ అవసరమా అని అడగండి. అందరికీ, ప్రతిసారీ ఆ స్కాన్ అక్కర్లేదు. దాని రేడియేషన్ మామూలు ఎక్స్‌రేకన్నా ఎక్కువ.

నాలుగో పని: రక్తపరీక్షను దాని స్థానంలో పెట్టండి

సీఆర్‌పీ ఎక్కువ వచ్చిందని పళ్ళ మీదికి పరిగెత్తకండి. సూక్ష్మంగా కొలిచే సీఆర్‌పీ పరీక్షలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే గుండె ముప్పు తక్కువ, 1 నుంచి 3 వరకు మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ అని లెక్క. 10 దాటితే ఒంట్లో ఏదో ఇన్ఫెక్షనో గాయమో ఉండొచ్చు, అది తగ్గాక పరీక్ష మళ్ళీ చేయించాలి. అయితే జలుబు, కీళ్ళవాతం, అధిక బరువు, పొగతాగడం, అన్నీ ఈ అంకెను పెంచుతాయి. ఏ అవయవం వల్ల పెరిగిందో అది చెప్పదు. అలాగే సీఆర్‌పీ మామూలుగా ఉన్నంత మాత్రాన పన్ను వేరు బాగున్నట్టూ కాదు. కారణం తెలియకుండా అంకె పదే పదే ఎక్కువ వస్తుంటే మీ డాక్టర్‌తో మాట్లాడుతూ నోటి పరీక్ష కూడా ఆ వెతుకులాటలో చేర్చండి. అంతవరకే దాని పాత్ర.

ఐదో పని: యాంటీబయాటిక్‌తో సరిపెట్టుకోకండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. వాపు వస్తుంది, ఐదు రోజుల కోర్సు వాడతాం, వాపు దిగిపోతుంది, పన్నును మర్చిపోతాం. మూడు నెలలకు మళ్ళీ వాపు. మందు రక్తంతో పాటు ప్రయాణిస్తుంది, చచ్చిన గుజ్జులోకి రక్తమే పోదు. అంటే మందు ఇంటి చుట్టూ తిరిగొస్తుంది, లోపలికి వెళ్ళదు. 2019లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే చెప్తాయి: జ్వరం, పాకుతున్న వాపు వంటివి లేకుండా ఒక చోటే ఉన్న పంటి ఇన్ఫెక్షన్‌కు, అసలు చికిత్స దొరుకుతున్నప్పుడు, పెద్దవాళ్ళలో యాంటీబయాటిక్ అవసరం లేదు. జ్వరం ఉన్నా, వాపు ముఖంలోకి పాకుతున్నా మందు కావాలి, దాంతో పాటు పన్నుకు చికిత్సా కావాలి. ఇంట్లో మిగిలిపోయిన మాత్రలు, మందుల షాపులో అడిగి తెచ్చుకున్నవి దయచేసి వాడకండి.

అపాయింట్‌మెంట్ దాకా నొప్పికి మీకు పడే మాత్రను డాక్టర్ చెప్పిన మోతాదులో వేసుకోండి. ఆస్పిరిన్ మాత్రను చిగురు మీద పెట్టుకునే అలవాటు కొందరికి ఉంది. అది చిగురును కాల్చేస్తుంది.

ఆరో పని: రూట్ కెనాలా, పీకించడమా

రెండింటి ఉద్దేశం ఒక్కటే, ఇన్ఫెక్షన్ ఉన్న చోటును ఖాళీ చేయడం. పన్ను నిలబెట్టే పరిస్థితిలో ఉంటే రూట్ కెనాల్ వైపే నేను మొగ్గుతాను. పన్ను నిలువునా చీలిపోయినా, చిగురు కిందిదాకా పుచ్చిపోయినా, పట్టుకునే ఎముక లేకపోయినా పీకించడమే న్యాయం.

రూట్ కెనాల్ చేయించుకుంటే ఈ మూడూ గమనించండి. పన్ను చుట్టూ రబ్బరు షీటు కడుతున్నారా? అది లేకపోతే ఉమ్మిలోని బ్యాక్టీరియా మళ్ళీ లోపలికి పోతుంది, పరికరం జారి గొంతులోకి పోయే ప్రమాదమూ ఉంది. కాలువలను సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో పదే పదే కడుగుతున్నారా? ఫైలు అనే సన్నటి పరికరంతో గీకడం కన్నా ఈ కడగడమే సందులన్నిటికీ చేరుతుంది. ఎన్ని కాలువలు దొరికాయి? పై దవడలో మొదటి పెద్ద పన్నుకు చాలాసార్లు నాలుగో కాలువ ఉంటుంది. అది దొరక్క వదిలేస్తే ఇన్ఫెక్షన్ అందులోనే మిగులుతుంది. ఇవి అడగడం డాక్టర్‌ను తప్పుపట్టడం కాదు. శ్రద్ధగా చేసేవాళ్ళు సంతోషంగా చెప్తారు.

చికిత్స అయ్యాక రెండు మూడు రోజులు కొరికితే నొప్పిగా ఉండడం మామూలే. వెనక పళ్ళకు క్యాప్ మాత్రం నెలల తరబడి వాయిదా వేయకండి. తాత్కాలిక ఫిల్లింగ్ అరిగి ఉమ్మి లోపలికి చేరితే పడ్డ శ్రమంతా వృథా. పొగ తాగేవాళ్ళకు ఎముక నెమ్మదిగా మానుతుంది, ఈ నెలల్లోనైనా ఆపగలిగితే మంచిది.

ఏడో పని: మీ ఒంటి సంగతులన్నీ చెప్పండి

కృత్రిమ గుండె కవాటం ఉన్నా, గుండె లోపలి పొరకు గతంలో ఇన్ఫెక్షన్ వచ్చినా, పుట్టుకతో వచ్చిన కొన్ని గుండె లోపాలు ఉన్నా చికిత్సకు ముందు ఒక మోతాదు యాంటీబయాటిక్ అవసరమవుతుంది. షుగర్ ఉంటే ఈమధ్య చేయించిన హెచ్‌బీఏ1సీ రిపోర్టు తీసుకెళ్ళండి. ఎముకలు పల్చబడకుండా బిస్‌ఫాస్ఫొనేట్ మాత్రలో డెనోసుమాబ్ ఇంజెక్షన్లో వాడుతుంటే పన్ను పీకించే ముందే చెప్పాలి, ఎందుకంటే ఆ మందులు వాడేవారిలో కొందరికి పీకిన చోట ఎముక మానకుండా చచ్చిపోయే ప్రమాదం ఉంది. రక్తం పల్చబరిచే మందులను మీ అంతట మీరు ఆపకండి. గర్భంతో ఉన్నామని ఇన్ఫెక్షన్‌ను తొమ్మిది నెలలు మోయనక్కర్లేదు. పంటి చికిత్స గర్భంలో చేయించుకోవచ్చు, నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా కాస్త సుఖంగా ఉంటుంది. అత్యవసరమైతే ఏ నెలలోనైనా చేస్తారు.

చివరి పని: ఏడాది తర్వాత మళ్ళీ ఎక్స్‌రే

నొప్పి పోయిందని ఇక్కడ మళ్ళీ మోసపోవద్దు. ఎముక నిండిందని చెప్పాల్సింది ఎక్స్‌రే. ఆరు నెలలకు ఒకసారి, ఏడాదికి తప్పనిసరిగా తీయించండి. పెద్ద మచ్చ పూర్తిగా మానడానికి కొందరికి నాలుగేళ్ళ దాకా పడుతుంది, కాబట్టి ఏడాదికి చిన్నదైతే మానుతున్నట్టే. తగ్గకపోయినా, పెరిగినా, పొక్కు మళ్ళీ వచ్చినా రూట్ కెనాల్ తిరిగి చేయడమో, వేరు కొనను చిన్న ఆపరేషన్‌తో తీసేయడమో ఉంటాయి. చికిత్సకు ముందు తీసిన ఎక్స్‌రేను పారేయకుండా తేదీ వేసి దాచుకోండి, డాక్టర్ మారినా పోల్చడానికి అది కావాలి.

నా పన్నువి రెండూ నా దగ్గర ఉన్నాయి. మొదటిదాంట్లో వేరు కొన చుట్టూ శనగగింజంత నలుపు. పద్నాలుగు నెలల తర్వాత తీసినదాంట్లో ఆ నలుపు ఉన్న చోట సన్నటి తెల్ల గీతలు అల్లుకుని, వేరు కొన దగ్గర గోరంచు మందాన బూడిద రంగు మాత్రమే మిగిలింది. వచ్చే ఏడాది ఇంకొకటి తీయిస్తాను.